సంఘం పెరిగినప్పుడు నిర్ణయం ఎక్కడ జరగాలి?

(గుణదలలో జరిగిన మన సమాఖ్య వార్షిక మహాసభలో కార్యవర్గం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ఆదాయ వ్యయాల పట్టిక, ఆడిట్ రిపోర్టు, అప్పుల వివరాలు ఈ సంపుటిలో వేరే పేజీల్లో ఉన్నాయి. వాటిని మళ్ళీ చదివి మీ సమయం తీసుకోం. ఈ ప్రసంగంలో ఒక్క విషయమే మాట్లాడదాం అనుకున్నాం. సంఘాలు పెరిగాయి, డబ్బు పెరిగింది, పనులు పెరిగాయి. అలాంటప్పుడు ఏ నిర్ణయం ఎవరు తీసుకోవాలి, ఎన్ని రోజుల్లో తీసుకోవాలి? దీని మీద చివర్లో ఆరు ప్రతిపాదనలు పెడుతున్నాం. వినండి, నచ్చనిది నచ్చలేదని చెప్పండి. ఆ తర్వాతే చేతులెత్తండి.

పదిమంది లెక్క వేరు, ముప్ఫైమంది లెక్క వేరు

ఒక సంఘంలో పదిమందిమి ఉన్నప్పుడు ఎవరింటి అరుగు మీదైనా కూర్చుని మాట్లాడుకుంటాం. ఎవరింట్లో పెళ్ళి ఉందో, ఎవరి ఆయనకి పని పోయిందో, ఎవరు ఏ నెల కంతు కట్టలేకపోతారో అడగక్కర్లేదు, తెలిసిపోతుంది. అప్పు ఇవ్వాలా వద్దా అనేది టీ చల్లారేలోపు తేలిపోతుంది.

మరి పెరిగితే? లెక్క వేసి చూద్దాం. పదిమందిలో ఒకరినొకరు ఎరిగి ఉండాలంటే 45 జతలు. ఇద్దరిద్దరు చొప్పున పరిచయాలు లెక్కపెడితే వచ్చే సంఖ్య ఇది. పదిహేను మందైతే 105. ముప్ఫై మందైతే 435. మనుషులు మూడింతలే అయ్యారు, ఒకరి సంగతి ఒకరికి తెలియాల్సిన దారులు మాత్రం దాదాపు పదింతలయ్యాయి. నూరుమంది ప్రతినిధులు ఒక హాల్లో కూర్చుంటే 4,950. ఇంకెక్కడ తెలుస్తుంది? కాబట్టి మీటింగు ఆలస్యంగా ముగిసిందన్నా, నలుగురే మాట్లాడారన్నా, అప్పు దరఖాస్తు రెండు మీటింగులు దాటిందన్నా అది ఎవరో బద్ధకించినందువల్లే అనుకోనక్కర్లేదు. పదిమందికి సరిపోయిన పద్ధతిని వందలమందికి వాడితే జరిగేది అదే.

ఈ సంగతి మొదట్నుంచీ ఈ ఉద్యమం చూసినవాళ్ళకి తెలుసు. 1992లో నాబార్డు దేశంలో 500 సంఘాలతో బ్యాంకు లింకేజీని ప్రయోగంగా మొదలుపెట్టినప్పుడు సంఘానికి 20 మందికి మించకూడదన్నారు. 20 దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అనే చట్టం ఒక కారణం. ఒకరి మాటకు ఒకరు పూచీ ఉండాలంటే అంతకన్నా పెద్ద గుంపులో కుదరదనేది రెండో కారణం. అందుకే మన దగ్గర సంఘాన్ని పెద్దది చెయ్యకుండా, చిన్న సంఘాలు పక్కపక్కన పెట్టి పైన ఇంకో అంచె కట్టారు. పల్లెల్లో గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య. మన పట్నంలో ఎస్.ఎల్.ఎఫ్., దాని పైన టి.ఎల్.ఎఫ్. అంచెలైతే ఉన్నాయి. ఏ అంచెలో ఏ నిర్ణయం తీసుకోవాలో మాత్రం రాసి పెట్టుకోకపోతే, అన్ని కాగితాలూ పైకే ఎక్కుతాయి. కింద చేతులు ఖాళీ, పైన బల్ల నిండా కాగితాలు.

ఆలస్యమైతే ఏం పోతుంది?

"నిదానమే ప్రధానం కదా, నాలుగు రోజులు అటూ ఇటూ అయితే ఏమైంది" అని అడిగేవాళ్ళు ఉన్నారు. మన గుణదల సంగతే తీసుకుందాం. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మేరీమాత ఉత్సవాలు. కొండ కింద నుంచి మెయిన్ రోడ్డు దాకా జనమే జనం. ఆ మూడు రోజుల్లో కొవ్వొత్తులు, కొబ్బరికాయలు, పూలదండలు, బొమ్మలు, టిఫిన్లు అమ్ముకునే సభ్యులు మనలో ఎంతోమంది. సరుకు కొనాలంటే జనవరి ఆఖర్లోనే చేతిలో డబ్బుండాలి. ఆ అప్పు ఫిబ్రవరి 15న మంజూరైతే ఎందుకు? ఆ సభ్యురాలికి సరుకు లేదు, అమ్మకం లేదు, కంతు మాత్రం ఉంటుంది. మనం కాదనలేదు, ఇచ్చాం. కానీ ఇచ్చిన రోజు తప్పింది. వేళ దాటి వచ్చిన అప్పు సాయం కాదు, బరువు.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. మన దగ్గర ఆలస్యమైన ప్రతిసారీ బయట ఇంకో తలుపు తెరుచుకుని ఉంటుంది. ఫోను చేస్తే చాలు, సాయంత్రానికి డబ్బు ఇంటికొస్తుంది. 2015 డిసెంబరులో మన విజయవాడలో బయటపడిన కాల్‌మనీ వ్యవహారం ఎవరూ మర్చిపోలేదు. ఖాళీ చెక్కులు, సంతకం పెట్టిన ప్రామిసరీ నోట్లు, కట్టినకొద్దీ తరగని వడ్డీ, ఆడవాళ్ళ మీద జరిగిన దౌర్జన్యాలు. ఆ తలుపు తట్టినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు. ఆసుపత్రిలో డబ్బు కట్టాల్సిన గంటకి ఎవరిస్తే వాళ్ళ దగ్గర తీసుకున్నారు. ఇప్పుడు ఆ తలుపు సెల్‌ఫోన్‌లోకి వచ్చింది, లోన్ యాప్ అంటున్నారు. మన నిర్ణయానికి పట్టే రోజులు తగ్గించడమంటే ఆ తలుపు మూయడమే.

తొందరపడితే ఏం పోతుంది?

రెండో వైపు కూడా చూడాలి. మనం ఇచ్చేది మన సొంత డబ్బు కాదు, పదిమంది పొదుపు. ఒకరు కట్టకపోతే ఆ సంఘం మొత్తం బ్యాంకు దగ్గర తలదించుకోవాలి. పావలా వడ్డీ అయినా, సున్నా వడ్డీ అయినా, సకాలంలో కంతులు కట్టిన సంఘాలకే ఆ మేలు దక్కింది. ఒకరి ఆలస్యం వల్ల మిగతా తొమ్మిదిమంది నష్టపోతారు.

తొందర అప్పుల వల్ల ఏం జరుగుతుందో కూడా మన జిల్లాయే ముందు చూసింది. ప్రైవేటు మైక్రోఫైనాన్స్ సంస్థలు పోటీ పడి అప్పులిచ్చిన రోజుల్లో ఒకే ఇంటికి మూడు నాలుగు చోట్ల నుంచి అప్పులు చేరాయి. ఒక చోట కంతు కట్టడానికి ఇంకో చోట తీసుకున్నారు. వసూళ్ళ ఒత్తిడి మీద ఫిర్యాదులు రావడంతో 2006 మార్చిలో కృష్ణా జిల్లాలో అధికారులు సుమారు 50 మైక్రోఫైనాన్స్ శాఖలను మూయించారు. తర్వాత రాష్ట్రమంతా అదే పరిస్థితి వచ్చింది. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, అది చట్టమైంది.

అందులో మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. అక్కడ నిర్ణయాలు చాలా వేగంగానే జరిగాయి. ఆ ఇంటి మొత్తం అప్పు ఎంతో ఒక్క కాగితం మీద ఎవరి దగ్గరా లేదు. ఇచ్చే ప్రతివాళ్ళకీ తమ అప్పొక్కటే కనబడింది. వేగం ఒక్కటే చాలదు, ఎదురుగా లెక్క కూడా ఉండాలి.

కాలువ నేర్పే పాఠం

మన ఊరి పక్కనే ఏలూరు కాలువ పారుతోంది. కృష్ణ మీద మొదటి ఆనకట్ట 1855లో పూర్తయింది. 1952లో దానికి గండి పడింది. తర్వాత కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957 నుంచి ఉంది. డెబ్భై గేట్లు. ఆ గేట్ల దగ్గర కూర్చున్న ఇంజనీరు, ఈ రోజు కాలువకి ఎంత నీరు వదలాలో నిర్ణయిస్తాడు. గన్నవరం అవతల ఫలానా రైతు మడికి ఈ పూట తూము తియ్యాలా వద్దా అని ఆయన్ని ఎవరూ అడగరు. అడిగితే నాట్లు పూర్తి కావు. పెద్ద కాలువ మీద లాకుల దగ్గర ఒకరు, పిల్లకాలువ దగ్గర లస్కరు, బోదె దగ్గర రైతులే. ఎవరి గేటు వాళ్ళది. అయినా నీళ్ళు ఎక్కడ ఎంత ఎత్తున ఉన్నాయో కొలబద్ద మీద అందరికీ కనబడుతుంది.

ఇంకో మాట కూడా డెల్టా రైతు చెప్తాడు. కాలువ బాగుందా లేదా అనేది తల దగ్గర చూసి చెప్పకూడదు, శివారు భూములకి నీరు అందిందా అని చూసి చెప్పాలి. మన సమాఖ్యకీ అదే కొలత. ఆఫీసుకి దగ్గరగా ఉన్న సంఘాలకి అప్పు త్వరగా వస్తోందంటే సరిపోదు. కొండ మీద మెట్ల దారిలో ఉన్న సంఘానికి, ఆఖరి వీధిలో సంఘానికి ఎన్ని రోజుల్లో వస్తోంది?

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు ఈ శివారు సంగతి కళ్ళారా చూశాం. ఆహారం వచ్చింది. మెయిన్ రోడ్డు దాకా లారీలు వచ్చాయి. లోపలి వీధులకి చేర్చడమే కష్టమైంది, పడవలు, ట్రాక్టర్లు, చివరికి డ్రోన్లు కూడా వాడారు. ఏ ఇంట్లో బాలింత ఉంది, ఏ మేడ మీద మంచాన పడ్డ పెద్దాయన ఉన్నాడు, ఎవరికి షుగరు ఇంజక్షన్ కావాలి అనేది పైవాళ్ళకి తెలిసే వీల్లేదు. ఆ వీధి సంఘానికి తెలుసు. తెలిసినవాళ్ళ చేతికి ఖర్చు పెట్టే అధికారం లేకపోతే, తెలియడం వల్ల ఉపయోగం ఏముంది?

పాలకేంద్రంలో రేటు చార్టు

మన జిల్లాలో పాలు పోసే అక్కలకి ఇంకో ఉదాహరణ బాగా తెలుస్తుంది. పొద్దున్నే క్యాను పట్టుకెళ్తారు. అక్కడి మనిషి శాంపిల్ తీసి వెన్న శాతం చూస్తాడు. గోడ మీద రేటు చార్టు ఉంటుంది. ఇంత వెన్నకి ఇంత రేటు. బేరం లేదు, బతిమాలడం లేదు, యూనియన్ ఆఫీసుకి ఫోను లేదు. రేటు ఎంత ఉండాలనేది పైన యూనియన్‌లో ఒకసారి నిర్ణయించారు. ఈ క్యానుకి ఎంత అనేది కింద ఊళ్ళోనే రోజూ తేలుతుంది.

గమనించండి. వేల నిర్ణయాలు రోజూ జరుగుతున్నాయి, ఎవరికీ మీటింగు అక్కర్లేదు. పైవాళ్ళు నియమం పెట్టారు, కిందివాళ్ళు దాన్ని వాడుతున్నారు. అనుమానం వస్తే మళ్ళీ పరీక్ష చేయించుకునే హక్కు పోసినవాళ్ళకి ఉండాలి. ఈ మూడూ కలిస్తేనే నమ్మకం ఉంటుంది.

2011లో మొదలైన మన స్త్రీనిధి కూడా ఇదే దారి పట్టింది. దరఖాస్తు వచ్చాక 48 గంటల్లో అప్పు అందాలని లక్ష్యం పెట్టుకున్నారు. అంత త్వరగా ఎలా? సమాఖ్య పనితీరుకి ముందే గ్రేడు ఇచ్చారు. గ్రేడుని బట్టి ఎంతవరకు అప్పు ఇవ్వొచ్చో ముందే హద్దు గీశారు. దరఖాస్తు వచ్చాక ఆలోచించాల్సింది కొంచెమే మిగులుతుంది. ఆలోచన అంతా ముందే చేసిపెట్టుకోవడం అన్నమాట. ఇంట్లో మనం చేసేదీ ఇదే కదా. రేపటికి కూర తరిగి పెట్టుకుంటే పొద్దున్న పొయ్యి దగ్గర కంగారు ఉండదు.

ఏడుగురు అక్కలు, ఒకే రుచి

వ్యాపారం పెద్దదైతే ఎలా అన్న ప్రశ్న కూడా మన యూనిట్లలో వస్తోంది. దీనికి లిజ్జత్ అప్పడాల కథ చూడాలి. 1959 మార్చి 15న ముంబైలోని గిర్‌గావ్‌లో ఏడుగురు ఆడవాళ్ళు రూ.80 అప్పు తెచ్చుకుని మేడ మీద అప్పడాలు ఒత్తారు. మొదటి రోజు తయారైనవి నాలుగు ప్యాకెట్లు. ఇవాళ దేశమంతా శాఖలున్నాయి, 40 వేలకు పైగా మహిళలు పని చేస్తున్నారు, పనిచేసే ప్రతి ఒక్కరూ యజమానే. మొదలుపెట్టినవాళ్ళలో ఒకరైన జశ్వంతీబెన్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది.

ఇంతమంది యజమానులు ఉంటే ప్రతి విషయానికీ అందరూ కూర్చుంటే అప్పడం ఒక్కటీ ఎండదు. వాళ్ళు ఏం చేశారంటే, రుచి మారకూడదు కాబట్టి ముఖ్యమైన ముడిసరుకు కొనడం, నాణ్యత చూడడం కేంద్రం చేతిలో పెట్టారు. మొత్తం సంస్థ వ్యవహారాలకి 21 మంది కమిటీ ఉంది. శాఖలో రోజువారీ పని, ఎవరికి ఎంత పిండి, ఎవరు ఎంత ఒత్తి తెచ్చారు అనేది ఆ శాఖ సంచాలిక, అక్కడి సభ్యులు చూసుకుంటారు. పిండి శాఖలో కలుపుతారు, అప్పడం ఇంట్లో ఒత్తుతారు, మర్నాడు తూకం వేసి డబ్బులిస్తారు. శాఖకి వచ్చిన లాభం ఆ శాఖ సభ్యులు పంచుకుంటారు.

అంటే ఏది అందరికీ ఒకేలా ఉండాలో అది ఒక చోట నిర్ణయమవుతుంది. ఏది చోటును బట్టి మారుతుందో అది ఆ చోటే నిర్ణయమవుతుంది. మన టైలరింగ్ యూనిట్లో కొలతలు, బిల్లు పుస్తకం, కూలి రేటు అన్ని చోట్లా ఒకటే ఉండాలి. ఏ మిషను ఎవరికి, పొద్దున ఎన్నింటికి తెరవాలి అనేది ఆ యూనిట్ అక్కలే చూసుకోవాలి.

కత్తెర నిర్ణయం, కుట్టు నిర్ణయం

ఏ నిర్ణయానికి ఎంత జాగ్రత్త అవసరమో ఎలా తెలుస్తుంది? మిషను మీద కూర్చున్న ఏ అక్కనడిగినా చెప్తుంది. కుట్టు తప్పు పడితే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. గుడ్డ తప్పు కత్తిరిస్తే అతకలేం. అందుకే కత్తెర పట్టే ముందు రెండుసార్లు కొలుస్తాం, కుట్టేటప్పుడు చేయి ఆగదు.

మన నిర్ణయాలూ రెండు రకాలే. మీటింగు వారం మార్చడం, కొత్త టిఫిన్ ఒక నెల పెట్టి చూడడం, చిన్న చేతి అప్పు ఇవ్వడం కుట్టు లాంటివి. బాగోకపోతే మార్చుకోవచ్చు. వీటికి నాలుగు మీటింగులు అక్కర్లేదు. స్థలం కొనడం, అయిదేళ్ళ బ్యాంకు అప్పుకి సంతకాలు పెట్టడం, ఒక సభ్యురాలిని సంఘం నుంచి తీసెయ్యడం, బైలా మార్చడం కత్తెర లాంటివి. వీటికి తొందర వద్దు, ఒక మీటింగులో చర్చించి ఇంకో మీటింగులో తీర్మానం చేద్దాం. సాధారణంగా జరిగేది దీనికి తలకిందులు. చిన్నవాటికి గంటలు గంటలు వాదించుకుంటాం, పెద్ద కాగితం వచ్చేసరికి భోజనాల వేళై "సరే సరే, సంతకం పెట్టండి" అంటారు.

సభ్యులు అడిగిన రెండు ప్రశ్నలు

ఈ విషయం ముందుగా ఎస్.ఎల్.ఎఫ్. మీటింగుల్లో చర్చకు పెట్టాం. రెండు అభ్యంతరాలు గట్టిగా వచ్చాయి. రెండూ న్యాయమైనవే.

మొదటిది: "సంఘం చేతికే ఇచ్చేస్తే మొహమాటానికి ఇచ్చేస్తారు. పక్కింటావిడని కాదనగలమా?" నిజమే. ముఖం ముందు కాదనడం కష్టం. దానికి మందు అధికారం పైకి లాక్కోవడంలో లేదు. నియమం ముందే రాసుకోవడంలో ఉంది. "మూడు మీటింగులు వరసగా రాకపోతే అప్పు లేదు, పాత కంతు బాకీ ఉంటే కొత్తది లేదు" అని పుస్తకంలో ఉంటే, కాదన్నది లీడరు కాదు, పుస్తకం. సక్రమంగా కంతులు కట్టిన సంఘానికి వచ్చే ఏడాది హద్దు పెంచుదాం, కట్టనివారికి తగ్గిద్దాం. అప్పుడు మొహమాటం ఖరీదు ఎంతో సంఘానికే తెలుస్తుంది.

రెండోది: "అందరం కూర్చుని మాట్లాడుకోవడమే మన బలం. కమిటీలకి అప్పజెప్పేస్తే మేం చేతులెత్తడానికేనా వచ్చేది?" ఇది ఇంకా లోతైన ప్రశ్న. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ గారి లాంటి పల్లెటూరి ఆడవాళ్ళు సారా వద్దని లేచినప్పుడు ఏ ఆఫీసు అనుమతీ అడగలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే పొదుపు సంఘాలు పుట్టుకొచ్చాయి. మాట్లాడే హక్కుతో పుట్టిన సంఘాలు మనవి. ఆ హక్కు పోతే మిగిలేది పాస్‌బుక్కే.

అందుకే మేం అంటున్నది ఇది: రోజువారీ నిర్ణయాలు కిందికి దించుదాం, అప్పుడే మహాసభకి తీరిక దొరుకుతుంది. వడ్డీ ఎంత ఉండాలి, మిగులు ఏం చెయ్యాలి, కొత్త వ్యాపారం పెట్టాలా, ఎవరు నాయకులు, నియమాలు ఎలా మారాలి, ఇవి మహాసభవే. ఇవి ఎవరికీ ఇవ్వం. నూరు దరఖాస్తులు చదవడంలో పొద్దు గడిచిపోతే ఈ మాటలెప్పుడు మాట్లాడతాం?

జాగ్రత్తలు

అధికారం కిందికి దించేటప్పుడు దానితో పాటు లెక్క కూడా దిగాలి. ఒకరి అప్పు ఎంత, సంఘానిది ఎంత, ఎస్.ఎల్.ఎఫ్.ది ఎంత, స్త్రీనిధిది ఎంత, బ్యాంకుది ఎంత అనేది ఒకే పేజీలో ఉండాలి. బయటి అప్పు కూడా సభ్యురాలే చెప్పి రాయించాలి. అది అవమానం కాదు, ఆమెకే రక్షణ.

పుస్తకాలు రాసే రిసోర్స్ పర్సన్ మనకి ఎంతో సాయం. అయినా రాసేవాళ్ళు రాయాలి, నిర్ణయం సభ్యులే చెయ్యాలి. చదువు రాదని కలం ఉన్నవాళ్ళకి నిర్ణయం వదిలెయ్యొద్దు. తీర్మానం రాశాక బిగ్గరగా చదివించుకోండి. మీరు అన్నదే అందులో ఉందో లేదో వినండి, అప్పుడు సంతకమో వేలిముద్రో వెయ్యండి. ఇంట్లో మగవాళ్ళు చెప్పిన చోట సంతకం పెట్టడం కూడా మన నిర్ణయం కాదు.

మీటింగులో ఎవరూ మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు రాసుకోవద్దు. చుట్టూ తిరిగి ఒక్కొక్కరినీ అడగండి, చిన్నవాళ్ళని ముందు అడగండి. లీడరు మొదట తన మాట చెప్పేస్తే వెనక కూర్చున్న కోడలు పిల్ల నోరు తెరవదు. లీడర్లని మార్చుకుంటూ ఉండాలన్న నియమం కూడా ఇందుకే. రెండేళ్ళకో మనిషి ఆ కుర్చీలో కూర్చుంటే, నిర్ణయం ఎలా తీసుకోవాలో తెలిసినవాళ్ళు సంఘంలో నలుగురవుతారు.

తీర్మానం రాసేటప్పుడు అయిదు మాటలు ఉన్నాయో లేదో చూసుకోండి: ఏం నిర్ణయించాం, ఎందుకు, ఎంత ఖర్చు, ఎవరు చెయ్యాలి, ఏ తేదీ లోపు. "త్వరలో చర్యలు తీసుకొనబడును" అని రాస్తే ఎవరూ చెయ్యరు. పేరు, తేదీ ఉంటే వచ్చే మీటింగులో అడగొచ్చు.

మహాసభ ముందు పెడుతున్న ప్రతిపాదనలు

ఒకటి. సంఘం సొంత పొదుపులోంచి రూ.10,000 లోపు అప్పు సంఘమే అదే మీటింగులో తేల్చాలి. ఎస్.ఎల్.ఎఫ్. నిధి నుంచి రూ.50,000 లోపు దరఖాస్తుకి ఎస్.ఎల్.ఎఫ్. కమిటీ ఏడు రోజుల్లో అవునో కాదో చెప్పాలి. అంతకు మించినవి సమాఖ్య కార్యవర్గం పదిహేను రోజుల్లో. కాదంటే కారణం కాగితం మీద రాసి ఇవ్వాలి.

రెండు. గడువు దాటిన దరఖాస్తు తనంతట తానే పై అంచెకి వెళ్ళాలి. సభ్యురాలు ఎవరి చుట్టూ తిరగనక్కర్లేదు. గడువు దాటినవి ఎన్ని, ఏ వీధివి అనే పట్టిక ప్రతి నెలా ఆఫీసు గోడ మీద పెట్టాలి. అదే మన కొలబద్ద.

మూడు. ప్రతి సభ్యురాలికీ అన్ని అప్పులూ కలిపి చూపించే ఒక పేజీ ఉండాలి. ఆ పేజీ చూడకుండా ఏ అంచెలోనూ అప్పు మంజూరు చెయ్యకూడదు.

నాలుగు. వరద, అగ్నిప్రమాదం, ఆసుపత్రి లాంటి ఆపదల్లో ఖర్చు పెట్టడానికి ప్రతి ఎస్.ఎల్.ఎఫ్. దగ్గర ఆపద నిధి ఉండాలి. ముగ్గురు సభ్యుల సంతకంతో వెంటనే ఖర్చు పెట్టొచ్చు, వారం లోపు లెక్క చూపాలి. నిధి ఎంత ఉండాలో ఈ సభే చెప్పాలి.

అయిదు. లీడరుకి గానీ, ఆమె దగ్గరి బంధువులకి గానీ అప్పు చర్చకు వచ్చినప్పుడు ఆ లీడరు లేచి బయటికి వెళ్ళాలి. ఆ సంగతి మినిట్స్‌లో రాయాలి. ఇది ఎవరి మీదా అనుమానంతో కాదు. రేపు ఎవరూ మాట అనకుండా ఆ లీడరునే కాపాడే నియమం.

ఆరు. టైలరింగ్, క్యాంటీన్, మసాలా పొడుల లాంటి ప్రతి యూనిట్‌కీ వేరే ఖాతా, వేరే పుస్తకం, బాధ్యురాలిగా ఒక్కరి పేరు ఉండాలి. పొదుపు డబ్బు వ్యాపారం డబ్బుతో కలవకూడదు. మూడు నెలలకోసారి లాభనష్టాలు సంఘాల ముందు చదవాలి. యూనిట్ మూసెయ్యాలా, పెంచాలా అన్నది మాత్రం మహాసభే నిర్ణయించాలి.

ఈ ఆరింటినీ ఒక ఏడాదికే పెడుతున్నాం. కుట్టు లాంటివే అనుకోండి. వచ్చే మహాసభలో ఒక్కో అంచెలో ఎన్ని రోజులు పట్టింది, ఎన్ని అప్పులు తిరిగి వచ్చాయి, ఏ వీధి వెనకబడింది అనే లెక్క ఇదే సంపుటిలో అచ్చు వేస్తాం. బాగుంటే ఉంచుదాం, లేకపోతే విప్పి మళ్ళీ కుడదాం.

ఫిబ్రవరి ఎంతో దూరంలో లేదు. కొండ కింద కొవ్వొత్తులు అమ్మే అక్క జనవరిలో పెట్టిన దరఖాస్తుకి జనవరిలోనే జవాబు వస్తే ఈ ఆరు ప్రతిపాదనలూ పనిచేస్తున్నాయన్నమాట. అంతకన్నా పెద్ద కొలత మేం పెట్టుకోలేదు.

ఇప్పుడు ఒక్కో ప్రతిపాదనా విడివిడిగా చదువుతాం. ముందుగా వద్దనేవాళ్ళు లేచి మాట్లాడండి. వాళ్ళ మాట పూర్తిగా విన్నాకే చేతులెత్తడం.